తైలవర్ణ రూపచిత్రణ

నూనెలో నూరిన రంగులతో ఒక మనిషి ముఖాన్ని, ఎరిగినవారు చూడగానే పేరు చెప్పేటట్టు, వెలుగునీడలతో సహా చిత్రించే విద్యను తైలవర్ణ రూపచిత్రణ అంటారు. వాడుకలో ఆయిల్ పోర్ట్రెయిట్ అన్నమాటే ఎక్కువ. చిత్రకళలో పోలికకు ఇంత గట్టి పరీక్ష మరోచోట లేదు. వేపకొమ్మను జానెడు పక్కకు వేసినా అది వేపచెట్టే. కంటి కొలుకు గోరంత కిందికి జారితే మాత్రం నాన్న బొమ్మ బాబాయి బొమ్మ అయిపోతుంది.

ఈ విద్యకు వచ్చేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఒంటి రంగు ఎలా కలపాలని. అది చివర అడగాల్సిన ప్రశ్న. పాత నలుపు తెలుపు ఫొటోలో మన తాతనూ మేనత్తనూ తడుముకోకుండా గుర్తుపడతాం. అందులో ఒంటి రంగు లేనే లేదు. పోలిక ఉండేది తల ఆకారంలో, ముఖం మీద నీడలు పరుచుకున్న తీరులో. ఈ వ్యాసంలో రంగు సంగతి ఆలస్యంగా వచ్చేది అందుకే.

పోలిక అనే పాత కోరిక

భాగవతంలో ఉష తన కలలోకి వచ్చిన యువకుడెవరో తెలియక తల్లడిల్లుతుంటే, చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపాలు వరసగా రాసి చూపిస్తుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష తలవంచుకుంటుంది. మనిషిని పట్టించే ఆనవాలుగా రూపచిత్రం పనికొచ్చిన కథ ఇది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడి పేరిట వచ్చిన మానసోల్లాసం, అద్దంలో ప్రతిబింబంలా అచ్చంగా ఉండే బొమ్మకు ‘విద్ధ చిత్రం’ అని ప్రత్యేకంగా పేరు పెట్టింది.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ముఖానికి 12 అంగుళాల కొలత ఇచ్చి దాన్ని ఒక తాళం అంది. హంస జాతి పురుషుడి ఎత్తు 108 అంగుళాలు, అంటే తొమ్మిది ముఖాలు. ఈ లెక్క దేవతామూర్తులకు, ఆదర్శ రూపాలకు చెల్లుతుంది. ఎదురింటాయనకు చెల్లదు. ఐరోపా బడులు నేర్పే కొలతలదీ ఇదే సంగతి: కళ్ళు తలకు సరిగ్గా నడిమధ్యలో ఉంటాయి, రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది, జుట్టు మొదలు నుంచి కనుబొమలకు, అక్కణ్ణుంచి ముక్కు అడుగుకు, అక్కణ్ణుంచి గడ్డానికి సమాన దూరాలు. ఇవి సగటు లెక్కలు. ఎవరి ముఖమూ సగటు కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఈ సగటు నుంచి ఎక్కడ ఎంత తప్పుకున్నాడో పట్టుకోవడానికే ఆ లెక్క పనికొస్తుంది. ఆ తప్పుకోవడం పేరే పోలిక.

కొత్తవారి బొమ్మల్లో నూటికి తొంభై చోట్ల కళ్ళు నుదుటి మీదికి ఎక్కి కూర్చుంటాయి. మన చూపు కళ్ళు, ముక్కు, నోటి మీదే తిరుగుతుంది గనుక వాటికి ఎక్కువ స్థలం ఇచ్చి, కనుబొమల పైన ఉన్న నుదురు, జుట్టు, మాడు మొత్తాన్నీ కుదించేస్తాం. పెన్సిలు అడ్డంగా పట్టుకుని ఒకసారి కొలిస్తే ఈ జబ్బు సగం నయమవుతుంది.

నూనె చేసే పని

నీటిరంగు నీరు ఆవిరై ఆరుతుంది. తైలవర్ణం ఆరడం వేరు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువుకూ అణువుకూ ముడి వేసుకుంటూ గట్టి పొరగా మారుతుంది. ఆరే క్రమంలో మొదట దాని బరువు కొంచెం పెరుగుతుంది కూడా. ఈ గుణం అవిసె, గసగసాలు, కుసుమ, అక్రోటు వంటి కొన్ని నూనెలకే ఉంది. కొబ్బరి నూనెతో రంగు నూరితే ఏళ్ళు గడిచినా జిడ్డుగానే ఉంటుంది.

పల్చటి పూత చేతికి అంటుకోకుండా ఆరడానికి రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. అది రంగును బట్టి మారుతుంది. అంబర్ అనే గోధుమ మన్నులో మాంగనీస్ ఉండడంవల్ల త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ మొండికేస్తుంది. వానాకాలంలో, అందులోనూ సముద్రతీరపు ఊళ్ళలో, అన్నీ మరింత ఆలస్యం.

ఈ ఆలస్యమే రూపచిత్రకారుడి ఆస్తి. బుగ్గ వెలుగు నుంచి నీడలోకి ఒరిగేచోట గీత ఉండదు. ఒకదాంట్లోకి ఒకటి కరిగే పదహారు మెట్లు ఉంటాయి. గుడ్డు సొనతో కలిపే టెంపెరా రంగు నిమిషాల్లో ఆరిపోతుంది గనుక ఆ మెత్తదనాన్ని సన్నటి గీతల అల్లికతో తెచ్చుకోవాలి. నూనెరంగులో అయితే సాయంత్రం దాకా తడి మీద తడి కలుపుతూ కూర్చోవచ్చు. తప్పయితే కత్తితో గీకేసి మళ్ళీ వేయొచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఓర్పున్న మాధ్యమం లేదని నా అభిప్రాయం. నీటిరంగు పొరపాటును క్షమించదు.

నూనెరంగును ఫ్లాండర్స్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ కనిపెట్టాడని 16వ శతాబ్దిలో చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. అది నిజం కాదు. అఫ్ఘానిస్థాన్‌లోని బామియాన్ గుహల్లో, సుమారు 7వ శతాబ్దినాటి కుడ్యచిత్రాల్లోనే ఆరే నూనెలు వాడిన జాడలు దొరికాయి. వాన్ ఐక్ చేసింది ఆ నూనె చేత ముఖాన్ని పలికించడం. 1433లో ఆయన వేసిన ఎర్ర తలపాగా మనిషి బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. జానెడుకు కాస్త పైబడిన చెక్కపలక అది. అందులో మాసిన గడ్డం వెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

నూనె స్వభావం నుంచే ఈ విద్యలోని ప్రధాన నియమం పుట్టింది. అడుగు పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. అడుగున జిడ్డు పొర వేసి పైన టర్పెంటైన్‌తో పల్చన చేసిన పూత వేస్తే, పైది ముందు ఆరి బిగుస్తుంది, కిందిది ఇంకా కదులుతూ ఉంటుంది. కొన్నాళ్ళకు పైపొర ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. మొదటి పూతకు టర్పెంటైన్ కలిపి పల్చగా, తర్వాతి పూతలకు ట్యూబులోని రంగు ఉన్నదున్నట్టుగా, చివరి పూతలకు రెండు చుక్కల అవిసె నూనె చేర్చి వేసుకుంటే ఈ నియమం దానంతటదే పాటించినట్టవుతుంది.

మన దేశానికి వచ్చిన దారి

1769లో టిల్లీ కెటిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు మద్రాసులో దిగి, ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా నిలువెత్తు చిత్రాలు వేశాడు. ఆ తర్వాత అనేకమంది ఆ దారి పట్టారు. దర్బారుల్లో తైలచిత్రం ఒక హోదా గుర్తయింది. విద్య మాత్రం వచ్చినవారి చేతుల్లోనే ఉండిపోయింది.

దాన్ని ఒక భారతీయుడు ఎలా పట్టుకున్నాడో తెలియాలంటే రాజా రవివర్మ చదువు చూడాలి. 1848లో కిలిమానూరులో పుట్టిన ఆయన్ను 14వ ఏట, 1862లో, మేనమామ తిరువనంతపురం తీసుకువెళ్ళి ఆయిల్యం తిరునాళ్ మహారాజుకు చూపించాడు. నీటిరంగులు అప్పటికే చేతికి వచ్చాయి. నూనెరంగుల గుట్టు ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్‌కు తెలుసు. ఆయన చెప్పడానికి ఒప్పుకోలేదు. ఆయన దగ్గర పనిచేసే ఆరుముగం పిళ్ళై రాత్రిపూట చాటుగా వచ్చి కొంత చెప్పాడంటారు. 1868లో థియోడర్ జెన్సెన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజకుటుంబం చిత్రాలు వేయడానికి వచ్చాడు. అతనూ పాఠం చెప్పలేదు. తాను వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. 1873లో మద్రాసు ప్రదర్శనలో, జడలో పూలు తురుముకుంటున్న నాయరు స్త్రీ చిత్రానికి రవివర్మ బంగారు పతకం అందుకున్నాడు. చూడడానికీ పతకానికీ మధ్య గడిచింది అయిదేళ్ళు.

నాయకర్ దాచిన రహస్యం ఏమై ఉంటుందని ఆలోచిస్తే, నూనె పాళ్ళు, పొరల వరస, ఆరబెట్టే గడువు తప్ప ఇంకేమీ ఉండి ఉండదు. ఈరోజు అవన్నీ ఏ చిన్న పుస్తకంలోనైనా దొరుకుతాయి. జెన్సెన్ చూడనిచ్చింది మాత్రం పుస్తకంలో దొరకదు. కుంచె ఎంత రంగు ఎత్తుకుంటుంది, ముఖం మీద ఏ వాలులో నడుస్తుంది, చిత్రకారుడు ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసి ఎన్నిసార్లు వేయకుండా ఆగుతాడు అన్నవి కంటితోనే నేర్చుకోవాలి. మంచి చిత్రకారుడి పక్కన ఒక పూట నిలబడగలిగిన విద్యార్థి అదృష్టవంతుడు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ తైలచిత్రాలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు దూరం నుంచి ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి చూస్తే పొరల సంగతి కొంత బోధపడుతుంది.

బడుల రూపంలో ఈ చదువు మద్రాసులో 1850లో మొదలైంది. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు దాన్ని స్థాపించాడు. 1854లో కలకత్తా, 1857లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ వచ్చాయి. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు (1897–1925) చదువుకున్నది బొంబాయిలోనే. ఐరోపా పద్ధతిలో మనిషిని చూసి గీసే శిక్షణ పొందినవాడు తర్వాత సన్నటి రేఖలతో, నీటిరంగులతో ఆంధ్ర జీవితాన్ని చిత్రించాడు. 28 ఏళ్ళు నిండకముందే మశూచితో పోయాడు. ఆయన బొమ్మల్లో మెడ వంపు, చేతి మడత ఎక్కడా తడబడకపోవడానికి కారణం ఆ పాత శిక్షణేనని నేననుకుంటాను. వాస్తవిక రూపచిత్రణ నేర్చుకున్నవాడు చివరకు దాన్ని వదిలేసినా, నేర్చుకున్నది ఊరికే పోదు.

ఇక బడి ముఖం చూడని ఇంకో పాయ ఉంది. తెలుగు ఇళ్ళలో నడవా గోడమీద, గంధపు దండ వెనక కనిపించే తాతల పటాల్లో చాలావరకు గుర్తింపుకార్డు సైజు ఫొటో నుంచి పెంచి వేసినవి. సినిమా బ్యానర్లు వేసినవారు ఫొటో మీద గళ్ళు గీసి, గుడ్డ మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీసి, గడి తర్వాత గడి నింపుకుంటూ నాలుగు నిలువుల ముఖాన్ని లేపేవారు. నిచ్చెన మీద నిలబడి అడుగు వెడల్పు కన్ను వేసేటప్పుడు పోలిక కనిపించదు. ఆకారాల్ని నమ్మి వేయడమే. అది చిన్న చదువు కాదు.

మొదట బొగ్గు, తర్వాతే కుంచె

నేర్పే పద్ధతుల్లో రెండు తెగలున్నాయి. ఒకటి, చిత్రలేఖనం పూర్తిగా వచ్చాకే రంగు అనేది. పారిస్‌లో 1860ల చివర షార్ల్ బార్గ్, జెరోమ్‌తో కలిసి అచ్చువేసిన డ్రాయింగ్ పాఠాలు, సుమారు 200 పలకలు, ఈ తెగకు బాలశిక్ష లాంటివి. వాన్ గో వాటిని ఒకటికి రెండుసార్లు నకలు చేసుకున్నాడు. 1991లో మొదలైన ఫ్లారెన్స్ అకాడమీ వంటి నేటి అటెలియర్లు, అంటే చిత్రశిక్షణశాలలు, మళ్ళీ ఈ దారినే పట్టాయి. నెలల తరబడి బొగ్గుముక్కతో ప్లాస్టరు తలలు గీయించి గానీ కుంచె చేతికివ్వవు.

రెండో తెగకు పెద్ద పేరు కరోలస్-డ్యురాన్. పారిస్‌లో ఆయన తన శిష్యుల్ని నేరుగా కుంచెతో, రంగుముద్దలతో మొదలుపెట్టమనేవాడు. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్క్వెజ్‌ను చూసి నేర్చుకోమనేవాడు. 1874లో ఆ బడిలో చేరిన జాన్ సింగర్ సార్జెంట్ ఆ తర్వాత తన కాలానికి రూపచిత్రకారుల్లో మేటి అయ్యాడు. అయితే సార్జెంట్‌కు చిన్ననాటి నుంచే గీత మీద గట్టి పట్టు ఉందన్న సంగతి మరవకూడదు. నేరుగా కుంచె పట్టి గెలిచినవారంతా ఎక్కడో ఒకచోట గీత నేర్చుకుని వచ్చినవారే. కనీసం ఆరునెలలు రోజూ ఒక తల బొగ్గుతో గీయమని నా సలహా. బొగ్గు చవక, తుడిస్తే పోతుంది, పక్కకు వాల్చి రుద్దితే నీడ ముద్దలా పడుతుంది. పెన్సిలు గీత నేర్పుతుంది, బొగ్గు ముద్దను నేర్పుతుంది. ముఖం ముద్దలతో కట్టి ఉంది.

కాన్వాసును మనిషి పక్కనే, మనిషి ఎంతదో బొమ్మ అంత కనిపించేటట్టు నిలబెట్టి, అయిదారడుగులు వెనక్కి వెళ్ళి రెంటినీ ఒకే చూపులో పోల్చి, ముందుకు వచ్చి ఒక గీత పెట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళడం ఒక పాత పద్ధతి. సార్జెంట్ ఇలాగే వేసేవాడు. ఒక బొమ్మ పూర్తయ్యేసరికి మైళ్ళు నడిచినంత పని. కూర్చుని వేసేవారి బొమ్మల్లో వక్రం ఎక్కువ కనిపించడం వింత కాదు. అద్దం మరో సాధనం. బొమ్మను అద్దంలో తిప్పి చూస్తే అలవాటుపడిన కంటికి కనబడని వంకర ఒక్కసారిగా బయటపడుతుంది. ఈ సలహా లియొనార్డో తన రాతల్లోనే ఇచ్చాడు.

మనవాళ్ళ ముఖాలు వేసేటప్పుడు ఒక సౌకర్యం ఉంది, దాన్నే ప్రమాదం అనుకున్నా అనుకోవచ్చు. అది బొట్టు. బొట్టు ముఖపు నిలువు మధ్యరేఖ మీద ఉంటుంది. తల ఏ మాత్రం వాలినా, తిరిగినా బొట్టు, ముక్కు అడుగు, పెదవి నొక్కు, గడ్డం కలిపే గీత వంపు తిరుగుతుంది. ఆ నాలుగూ ముందే గుర్తుపెట్టుకుంటే తల వాలు చక్కగా దొరుకుతుంది. చివర్లో అలంకారంగా అంటించినట్టు వేస్తే మాత్రం ముఖం ఒకవైపు, బొట్టు ఒకవైపు అవుతాయి. ముక్కుపుడక సంగతీ అంతే.

వెలుగునీడలు

ఈ విద్యలో సింహభాగం ఇదే. మిగతావాటికన్నా దీనికి ఎక్కువ చోటివ్వక తప్పదు.

వెలుగు ఒక్కవైపు నుంచే రావాలి. గదిలో మూడు ట్యూబులైట్లు వెలుగుతుంటే ముఖం మీద మూడు జతల నీడలు పడి, ఏదీ స్పష్టంగా ఉండదు. తలకు పైన, ఒక పక్కగా ఉన్న ఒకే వెలుగులో ముఖానికి సుమారు మూడింట రెండు వంతులు వెలుగు, ఒక వంతు నీడ పడేటట్టు మనిషిని కూర్చోబెడతారు. నీడవైపు బుగ్గ మీద చిన్న త్రికోణం వెలుగు మిగిలితే దాన్ని రెంబ్రాంట్ వెలుగు అంటారు. ఫొటో స్టూడియోలవారికి బాగా తెలిసిన పేరు.

ఐరోపా పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ కావాలంటాయి, అక్కడ ఎండ నేరుగా పడదు గనుక. ఆ మాట మన దగ్గర పూర్తిగా నిలవదు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఆ నెలల్లో కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టుకోవాలి. మా ప్రాంతంలో పాత పంచె సరిపోతుంది.

మనిషి కూర్చున్నాక చిత్రకారుడు చేయాల్సిన మొదటి పని కళ్ళు చికిలించి చూడడం. రెప్పలు సగం మూస్తే వెంట్రుకలు, ముడతలు, రెప్పల గీతలు మాయమవుతాయి. రెండే మిగులుతాయి, వెలుగు ముద్ద, నీడ ముద్ద. కంటిగుంట, ముక్కు పక్క, పై పెదవి, గడ్డం కింది భాగం అన్నీ ఒకే నీడగా కలిసిపోతాయి. ఆ నీడ ఆకారం ఏదో దేశపటంలా ఉంటుంది. దాని సరిహద్దును సరిగ్గా గీయగలిగితే, లోపల కళ్ళు వేయకముందే, చూసినవారు మనిషిని గుర్తుపడతారు. నమ్మకం లేనివారు ఇంట్లో ఎవరినైనా దీపం పక్కన కూర్చోబెట్టి నల్లకాగితం కత్తిరించి చూడవచ్చు.

దీన్ని రంగులో పెట్టే సులువైన మార్గం తుడుపు పద్ధతి. కాన్వాసంతా బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పల్చన చేసి పూసి, తడిగా ఉండగానే పాత బనియను గుడ్డతో వెలుగులున్నచోట తుడిచేస్తారు. తుడిచినచోట ముఖం పైకి లేస్తుంది. నీడల్ని కుంచెతో చిక్కన చేస్తారు. తెల్ల కాన్వాసు మీద అన్ని రంగులూ ముదురుగా కనిపించి మోసం చేస్తాయి. గోధుమ పూత మీద ఆ మోసం ఉండదు. ఒక్క రంగుతో ఇలా పది తలలు వేశాకే రెండో రంగు ట్యూబు మూత తీయాలి.

నీడలు రెండు రకాలు. ముఖం వెలుగు నుంచి పక్కకు తిరిగినచోట వచ్చే నీడ, ఒక అవయవం మరోదాని మీద వేసే నీడ. మొదటిదాని అంచు మెత్తన, రెండోదాని అంచు పదును. బుగ్గ తిరుగుడు మొదటిది. పెదవి మీద పడ్డ ముక్కు నీడ రెండోది. రెంటినీ ఒకేలా వేస్తే ముఖం బంకమట్టి బొమ్మలా ఉంటుంది. నీడలోపల మళ్ళీ కొంచెం వెలుగు ఉంటుంది. తెల్లచొక్కా నుంచి, గోడ నుంచి గడ్డం కిందికి ఎగిరివచ్చే వెలుగు అది. కొత్తవారు దాన్ని కనిపెట్టగానే సంబరపడి మరీ ప్రకాశంగా వేస్తారు. నీడలోని ఎంత గొప్ప వెలుగైనా, వెలుగువైపున ఉన్న అతి ముదురు చోటుకన్నా ముదురుగానే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పినందువల్ల పాడైన బొమ్మలు ఎన్నో.

ఒంటి రంగు

ట్యూబు మీద ‘ఫ్లెష్ టింట్’ అని రాసి అమ్మే గులాబీ రంగును కొనవద్దు. అది ఎవరి ఒంటి రంగూ కాదు, మనవారిది అసలు కాదు.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుమీద నాలుగు రంగుల పలక ఒకటి ప్రసిద్ధం: తెలుపు, ఎల్లో ఓకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. ఇందులో నీలం లేదు. నలుపులో తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగే ఎరుపు పక్కన నీలంలా కనిపిస్తుంది. నేర్చుకునేవారికి ఇది చక్కటి కట్టడి. నాలుగే ఉంటే చెయ్యి తప్పే దారులు తక్కువ. వెర్మిలియన్ బదులు ఇప్పుడు కాడ్మియం రెడ్ వాడతారు. మన ఛాయలకు వీటికి తోడు బర్న్ట్ సియెనా, అల్ట్రామెరైన్ నీలం చేర్చుకుంటే చాలు. ఆ రెండూ కలిస్తే నలుపుకన్నా ప్రాణమున్న ముదురు నీడ వస్తుంది.

చామనఛాయను, నల్లటి మేనిని వేయడంలో ఐరోపా పుస్తకాలు పెద్దగా సాయపడవు. గోధుమరంగును వెలుగు చేయాలని తెలుపు కలిపితే ముఖం సుద్ద రాసుకున్నట్టవుతుంది. ముదురు చేయాలని నలుపు కలిపితే మసిబారుతుంది. వెలుగువైపు తెలుపుకన్నా ముందు ఓకర్‌నూ ఎరుపునూ, నీడవైపు సియెనా నీలాల మిశ్రమాన్నీ వాడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి మెరుపు. చర్మం మీది చెమట, నూనె వెలుగును అద్దంలా తిప్పికొడతాయి. అందుకే ముక్కు కొన మీద, కణతల మీద మెరుపు ఒంటి రంగుది కాదు, కిటికీలోంచి వచ్చే ఆకాశానిది. ముదురు మేని మీద అది స్పష్టమైన నీలిబూడిదగా కనిపిస్తుంది. దాన్ని పసుపుగా వేస్తే ముఖానికి మైనం పూసినట్టుంటుంది.

ముఖమంతా ఒకే రంగు కూడా కాదు. నుదురు కాస్త పసుపు వైపు, రక్తం ఎక్కువ పారే బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు, మగవారి గడ్డం చుట్టూ పచ్చనీలం వైపు మొగ్గుతాయి. ఈ తేడా వీసమెత్తే, అయినా అది లేకపోతే బొమ్మకు ఊపిరి ఆడదు.

అవయవాలు, అంచులు

కనుగుడ్డు తెల్లగా ఉండదు. అది గుండ్రటి బంతి, పై రెప్ప నీడలో ఉంటుంది. అచ్చమైన తెలుపు వేస్తే మనిషి దెయ్యాన్ని చూసినట్టుంటాడు. పళ్ళదీ అదే గతి. ముక్కు రంధ్రాలు నల్లటి చిల్లులు కావు, లోపల వెచ్చటి ఎర్రగోధుమ ఉంటుంది. వెలుగు పైనుంచి వస్తే పై పెదవి నీడలో, కింది పెదవి వెలుగులో ఉంటాయి. పెదవుల చుట్టూ గీత గీస్తే లిప్‌స్టిక్ ప్రకటన అవుతుంది. జుట్టును వెంట్రుక వెంట్రుకగా కాక, నూనె రాసిన ఒక ముద్దగా చూసి, దాని మెరుపు ఎక్కడుందో పెట్టి, చివర నాలుగు వెంట్రుకలు విడిగా తీస్తే సరి.

అంచుల గురించి ఒక్క మాట. చుట్టూరా కత్తిరించినట్టు గీత ఉన్న తల కాన్వాసుకు అంటించిన స్టిక్కరులా ఉంటుంది. నల్లజుట్టు ముదురు నేపథ్యంలో కలిసేచోట అంచును పోగొట్టాలి, వెలుగు బుగ్గ దగ్గర నిలపాలి. లియొనార్డో మోనాలిసా నోటి కొసల్లో, కంటి కొసల్లో చేసింది ఈ పొగలాంటి కరిగింపే. ఆమె నవ్వుతోందో లేదో తేలకపోవడానికి సగం కారణం అక్కడుంది.

మనిషి ఎదుట, ఫొటో ఎదుట

ఎదురుగా కూర్చునే మనిషి దొరకడం కష్టం. దొరికినా అరగంటకు మెడ వాలుతుంది, ముఖం విసుగుతో బరువెక్కుతుంది. ఇరవై నిమిషాలకోసారి లేపి, కాళ్ళు పెట్టిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టి మళ్ళీ అదే చోట కూర్చోబెట్టాలి. ఎవరూ దొరకనివారికి అద్దం ఉంది. రెంబ్రాంట్ జీవితకాలంలో తన ముఖాన్నే సుమారు 40 తైలచిత్రాల్లో వేసుకున్నాడు. జీతం అడగని మోడల్ తానొక్కడే.

ఫొటో చూసి వేయడం తప్పు కాదు, తెలిసి వేయాలి. సెల్‌ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఏడెనిమిది అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో మేలు. కెమెరా నీడల్ని నల్లగా మూసేస్తుంది, కంటికి కనిపించే సగం రంగుల్ని అక్కడ పోగొడుతుంది. మనుషుల్ని చూసి ఓ యాభై తలలు వేసినవారు ఫొటోలో లేనిదాన్ని ఊహించి పూరించగలరు. ఫొటోతోనే మొదలుపెట్టినవారికి పోయిందేమిటో తెలియదు. చనిపోయినవారి పటం వేయమని వచ్చే పనిలో ఫొటో తప్ప దారి లేదు. అప్పుడు అదే ఇంట్లోవారిని, పోలిక వచ్చిన కొడుకునో కూతురినో, అదే వెలుగులో కూర్చోబెట్టి రంగులు చూసుకోవడం అనుభవజ్ఞుల ఉపాయం.

సామాను, జాగ్రత్తలు

1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబు కనిపెట్టేదాకా చిత్రకారులు రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో మూటకట్టి దాచుకునేవారు. ఇప్పుడు ఏ జిల్లా కేంద్రపు స్టేషనరీ దుకాణంలోనైనా ట్యూబులు దొరుకుతాయి. పంది వెంట్రుకల గట్టి కుంచెలు మూడు సైజుల్లో, మెత్తటిది ఒకటి, పాలెట్ కత్తి ఒకటి, ప్రైమరు పూసిన నూలు కాన్వాసు మొదలుపెట్టడానికి చాలు. ప్రైమరు లేని గుడ్డమీద వేస్తే నూనె పోగుల్ని కొన్నాళ్ళకు తినేస్తుంది. కొత్త విద్యార్థికి ఖరీదైన రంగులకన్నా ఎక్కువ కాన్వాసులు అవసరం.

పాతకాలపు లెడ్ వైట్ సీసంతో చేసింది, విషం. టైటానియం వైట్ ఉండగా దాని జోలికి పోనక్కర్లేదు. కుంచెను నోట పెట్టి మొన చేసే అలవాటు మానుకోవాలి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవాలి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో పడేయవద్దు. ఆక్సిజన్ పీల్చుకునేటప్పుడు నూనె వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. తీగమీద విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ళలో నానవేసి మూత పెట్టాలి.

పూర్తయిన చిత్రానికి వెంటనే వార్నిష్ పూయకూడదు. పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి ఆరునెలల నుంచి ఏడాది పడుతుంది. అప్పటిదాకా దాన్ని గోడవైపు తిప్పి చీకటి మూలన పెట్టకండి. వెలుగు తగలని అవిసె నూనె పసుపెక్కుతుంది. అలా పసుపెక్కిన బొమ్మను కొన్ని రోజులు వెలుతురున్న గదిలో నిలబెడితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది.